పూర్ హిస్టోరియన్: నొప్పిని అడిగే భాష, చెప్పే భాష

కవిత్వాన్నీ కథల్నీ పాఠ్యపుస్తకాల్నీ సినిమాల్నీ చదివి వాటిలో కులం ఎక్కడ నక్కి కూర్చుందో పట్టుకునే పని దళిత విమర్శ చాలా కాలంగానే చేస్తోంది. కానీ వాడలో పుట్టిన ప్రతి మనిషి మీదా ఏదో ఒకనాడు రాయబడే రచన ఒకటుంది. దాని మీద మన విమర్శకుల చూపు పెద్దగా పడలేదు. అది మన గురించే రాస్తారు. మనం చెప్పిందే రాశామంటారు. రాసేది మాత్రం మనం చదవలేని భాషలో. దాని పేరు కేస్ షీటు.

వైద్య విద్యలో రోగి చెప్పుకునే సంగతుల్ని ‘హిస్టరీ’ అంటారు. అది రాబట్టే పని ‘హిస్టరీ టేకింగ్’. మెడికల్ కాలేజీలో పిల్లలకు మొదట నేర్పే నియమాల్లో ఒకటి: రోగి ప్రధాన బాధను రోగి సొంత మాటల్లోనే రాసుకోవాలి. మంచి నియమమే. మరి మన ఆస్పత్రుల్లో అది అమలయ్యే తీరు ఎట్లా ఉంటుంది? “పొద్దుమూకితే సాలు మోకాళ్ళ కాడ్నించి కిందికి పీకుతయ్ సారూ, పండుకోనియ్యవు. నాట్లకు దిగిన కాడ్నించి నడుం సుత గొడ్డలేసినట్టుంది” అని ఒక కూలితల్లి చెప్పుకుంటుంది. షీటు మీద పడేది ‘జనరలైజ్డ్ బాడీ పెయిన్స్’ అనే మూడు ఇంగ్లీషు మాటలు. పొద్దుమూకడం పోయింది. నాటు పోయింది. పీకడానికీ గొడ్డలేసినట్టు ఉండటానికీ మధ్య ఉన్న తేడా పోయింది. ఒకటి కాళ్ళ బాధ, ఒకటి నడుం బాధ. వాటి కారణాలు వేరు, మొదలైన కాలాలు వేరు. అవన్నీ కలిపి ‘ఒళ్ళు నొప్పులు’ అయ్యాయి. విచిత్రం ఏంటంటే ఆ మూడు మాటలూ ‘రోగి సొంత మాటలు’ అనే గడిలోనే ఉంటాయి!

ఆమె చెప్పింది డాక్టరుకు అవసరమైన వరసలో లేకపోతే ఇంకో మాట పడుతుంది: ‘పూర్ హిస్టోరియన్’. తన చరిత్ర తాను చెప్పుకోలేని మనిషి అని. ఇది డాక్టర్ల మధ్య బాగా వాడుకలో ఉన్న మాట. ఎవరూ కక్షతో రాయరు, అలవాటుగా రాస్తారు. అసలు విమర్శకుడికి పని ఉండేది కక్ష దగ్గర కాదు, అలవాటు దగ్గర. చరిత్ర రాసే హక్కు లేకుండా చేయబడ్డ జనాన్ని పట్టుకుని నీకు చరిత్ర చెప్పడం రాదు అనడంలో ఉన్న ఎగతాళి ఆ మాట రాసే చేతికి తెలియదు. ఈ కాగితం మీది మిగతా క్రియాపదాలు కూడా చూడండి. రోగి ‘కంప్లెయిన్’ చేస్తాడు. మందు తాగనంటే రోగి ‘డినై’ చేశాడని రాస్తారు. చెప్పాడు అనొచ్చు, లేదన్నాడు అనొచ్చు. కానీ ఫిర్యాదు, నిరాకరణ అనే ఠాణా మాటలే స్థిరపడ్డాయి. ఠాణా అంటే ఏంటో తెలిసిన కులాలకు ఈ భాష వాసన కొత్తది కాదు.

ఇంగ్లీషు సంగతి అలా ఉంచి తెలుగులో అడిగే ప్రశ్న దగ్గరికి వద్దాం. తెలుగులో ప్రశ్న అడగాలంటే ముందు ఒక తీర్పు ఇవ్వక తప్పదు: నువ్వా, మీరా? ఇంగ్లీషు డాక్టరుకు ఈ బెడద లేదు. మన డాక్టరు మాత్రం రోగి చీర చూసి, చెప్పులు చూసి, ఊరు పేరు, ఇంటిపేరు విని, నోరు తెరవకముందే తేల్చేస్తాడు. “ఎక్కడ నొప్పి చెప్పండి” అనే ప్రశ్నా, “ఏమే, ఎక్కడ నొస్తుంది, తొందరగా చెప్పు” అనే ప్రశ్నా ఒకటి కాదు. మొదటిదానికి జవాబు వస్తుంది. రెండోదానికి వచ్చేది “మీకు తెల్వదా సారూ” అనే లొంగుబాటు. తెలంగాణ పల్లెల్లో ‘నువ్వు’ అంతా అవమానమేం కాదు. అన్ననూ అత్తనూ నువ్వు అనే చోట్లు బోలెడు. కొలబద్ద మాటలో లేదు, అది తిరిగి అనగలగడంలో ఉంది. అన్నను నువ్వంటే అన్న నన్నూ నువ్వంటాడు. డాక్టరును నువ్వు అని చూడమనండి.

ప్రశ్నే నేరుగా అడగని కాలం ఒకటుంది. అది మరీ పాతది కూడా కాదు. బాబాసాహెబ్ అంబేడ్కర్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో, గాంధీ నడిపిన ‘యంగ్ ఇండియా’ 1929 డిసెంబరు 12 సంచికలో అచ్చయిన ఒక ఉత్తరాన్ని మన ముందు పెడతారు. రాసింది కథియావాడ్ ప్రాంతంలో పనిచేస్తున్న ఒక అంటరాని ఉపాధ్యాయుడు. భార్యకు కాన్పయింది. రెండు రోజులకు విరేచనాలు, ఆయాసం, పక్కటెముకల్లో నొప్పి. హిందూ డాక్టరు వాడలోకి రానన్నాడు. ఊరి పెద్దలు మధ్యన పడి, రెండు రూపాయల ఫీజుకు హామీ ఉంటే, బాలింతను వాడ బయటికి తెస్తే చూస్తానన్నాడు. తెచ్చారు, పసిగుడ్డుతో సహా. డాక్టరు థర్మామీటరును ఒక ముస్లిం చేతికిచ్చాడు. ఆ ముస్లిం భర్తకిచ్చాడు. భర్త భార్యకు పెట్టాడు. అదే దారిన అది వెనక్కి వెళ్ళింది. రాత్రి ఎనిమిది గంటల వేళ దీపం వెలుగులో దాన్ని చూసి న్యుమోనియా అన్నాడు, వెళ్ళిపోయాడు, మందు పంపించాడు. ఆ తర్వాత మళ్ళీ చూడటానికి రానన్నాడు. ఆమె చచ్చిపోయింది.

ఈ ఉత్తరాన్ని మనం అంటరానితనానికి సాక్ష్యంగా చదువుతాం. అది నిజమే. కానీ వైద్యపరీక్షకు సాక్ష్యంగా కూడా చదవాలి. ఆ వాడ బయట ఆ రాత్రి ఒక ‘క్లినిక్’ జరిగింది. ఫీజు ఉంది, పరికరం ఉంది, రోగనిర్ధారణ ఉంది. లేనిది ఒక్కటే, రోగి మాట. ఊపిరి పీలిస్తే నొస్తుందా వదిలితే నొస్తుందా, ఎటు పక్క, కాన్పుకు ముందే మొదలైందా తర్వాతా — ఆమెను ఎవరన్నా అడిగినట్టు ఆ ఉత్తరంలో ఎక్కడా లేదు. శరీరం పంపిన అంకె ఒకటి మూడు చేతులు మారి డాక్టరును చేరింది. మనిషిని తాకకుండా అంకెను మాత్రం తెచ్చుకోవచ్చని ఆ డాక్టరు 1929లోనే కనిపెట్టాడు.

ఇప్పుడు అట్లా లేదు గదా అనేవాళ్ళుంటారు. 2006లో ‘అన్‌టచబిలిటీ ఇన్ రూరల్ ఇండియా’ పేరుతో వచ్చిన అధ్యయనం 11 రాష్ట్రాల్లో 565 గ్రామాలు తిరిగి చూసింది. మూడో వంతు గ్రామాల్లో ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్ళలోకి పోవడం లేదని రాసింది. సంఘమిత్ర ఆచార్య 2010లో గుజరాత్, రాజస్థాన్ గ్రామాల దళిత పిల్లల మీద చేసిన అధ్యయనం ఇంకొంచెం దగ్గరికెళ్ళి అడిగింది: తాకారా, ఎంతసేపు మాట్లాడారు, ఏ మాటలన్నారు, ఎంతసేపు నిలబెట్టారు అని. ఆ అధ్యయనం విలువంతా అక్కడుంది. వివక్షను తలుపు దగ్గర కాకుండా బల్ల దగ్గర వెతికింది. నగరంలో పెద్దాస్పత్రి తలుపు ఇవాళ ఎవరినీ కులం అడగదు. బల్ల దగ్గర ఏం జరుగుతుందనేదే లెక్క.

వైద్యశాస్త్రానికి నొప్పి మాటల విలువ తెలియదని కాదు. రొనాల్డ్ మెల్జాక్ అనే కెనడా శాస్త్రవేత్త టోర్గర్సన్‌తో కలిసి 1971లో నొప్పిని వర్ణించే మాటల్ని పోగేసి, డాక్టర్ల చేత, విద్యార్థుల చేత, రోగుల చేత తూకం వేయించాడు. దాన్నుంచే 1975లో మెక్‌గిల్ ప్రశ్నావళి వచ్చింది. అందులో 78 మాటలు, 20 గుంపులు. కొట్టుకునే నొప్పి, దూసుకుపోయే నొప్పి, కాలే నొప్పి, భయపెట్టే నొప్పి — ఒక్కో మాట ఒక్కో నరం వైపు, ఒక్కో జబ్బు వైపు వేలు చూపిస్తుందని ఆయన వాదన. అంటే ఇంగ్లీషు మాట్లాడే రోగి నోట్లో మాటకు శాస్త్రం హోదా దొరికింది.

మన నోట్లో మాటల సంగతేంటి? పోటు వేరు, సలుపు వేరు. పుండు సలుపుతుంది, పన్ను పోటు పెడుతుంది. తీపు కండల్లో ఉంటుంది, నులి కడుపులో ఉంటుంది. కలుక్కుమనేది కదిలినప్పుడు, చురుక్కుమనేది ముట్టినప్పుడు. జివ్వున లాగేది నరం అని చదువు లేనివాళ్ళకూ తెలుసు. గుంజుడు, పీకుడు, ఈడ్పు, పట్టేయడం, మొద్దుబారడం, తోడేయడం. ‘నొప్పి’ని ‘నొప్పులు’ చేస్తే అది కాన్పు. పోలికలు చేస్తే అవన్నీ పనిలోంచే వస్తాయి: రోట్లో ఏసి దంచినట్టు, తాడు పేనినట్టు, గడ్డపార దిగినట్టు. ఇదంతా జానపదం అని ముచ్చటపడే పండితులున్నారు. ముచ్చట అక్కర్లేదు. ఇది రోగనిర్ధారణకు పనికొచ్చే సమాచారం. చేతివేళ్ళు జివ్వుమంటున్నాయనే చెప్పుల పనివాడి మాటలో నరం పేరు సగం ఉంది.

ఈ మాటల స్థానంలో ఇప్పుడు ఒక అంకె వచ్చింది. సున్నా నుంచి పది దాకా నీ నొప్పి ఎంత? కార్పొరేట్ ఆస్పత్రుల్లో నర్సమ్మలు మంచం మంచం దగ్గరా అడిగే ప్రశ్న ఇది. పది అంటే ఊహించగల అతిపెద్ద నొప్పి. పది మార్కులకు పరీక్ష రాసిన వాళ్ళకు ఇది సులువు. బడికి పోనియ్యని వాళ్ళు దీన్ని ఎట్లా కొలవాలి? కొలత లేదని కాదు, వాళ్ళ కొలత వేరే. “మూడు కూళ్ళు పోయినయ్ సారూ” — ఇది కొలతే, పది అంకెల కన్నా నిక్కమైన కొలత. కూలి పోగొట్టుకోలేని మనిషి మూడు దినాలు మంచం దిగలేదంటే ఆ నొప్పి ఎంతో లెక్క గట్టొచ్చు. “పని చేస్కుంటే తెలుస్తలేదు, పండుకుంటేనే తెలుస్తది” అనే మాట ఇంకా లోతైంది. కానీ చాలా సార్లు దాన్ని తలకిందులుగా చదువుతారు: పని చేసుకుంటోంది గనుక నొప్పి పెద్దదేం కాదు! ఓర్చుకోవడం నేర్చిన శరీరాన్ని నొప్పి లేని శరీరంగా చదవడం అన్నమాట.

ఆ చదువుకు అమెరికాలో పెద్ద చరిత్రే ఉంది. ఆధునిక స్త్రీ వైద్యానికి తండ్రి అని పొగిడించుకున్న మేరియన్ సిమ్స్ 1845–49 మధ్య అలబామాలో అనార్కా, లూసీ, బెట్సీ అనే నల్ల బానిస స్త్రీల మీద మత్తు లేకుండా పదే పదే ఆపరేషన్లు చేశాడు. ఈథర్ మత్తు 1846లోనే బయటికొచ్చింది. న్యూయార్కులో అతని విగ్రహాన్ని 2018లో తీసేశారు. విగ్రహం తీసినంత సులువుగా నమ్మకం పోదు. అంతకు రెండేళ్ళ ముందే, 2016లో, వర్జీనియా విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధనలో తెల్ల వైద్య విద్యార్థులు, రెసిడెంట్లలో సుమారు సగం మంది నల్లవాళ్ళ చర్మం మందం అన్నట్టాంటి తప్పుడు మాటల్లో కనీసం ఒకదాన్ని నిజమనుకుంటున్నట్టు తేలింది. అలా నమ్మినవాళ్ళు నల్ల రోగి నొప్పికి తక్కువ అంకె వేశారు. ‘మోటు ఒళ్ళు’, ‘కష్టజీవులు గదా, తట్టుకుంటారు’ అనే మాటల మీద ఇట్లాంటి లెక్క మన మెడికల్ కాలేజీల్లో తీయాల్సే ఉంది. కాన్పుగదిలో అరిచిన స్త్రీని ఏమంటారో మాత్రం లెక్క తీయకుండానే మన అమ్మలందరికీ తెలుసు. ఆ మాటలు ఇక్కడ రాయను.

అడిగే ప్రశ్నల్లో కనపడకుండా పోయిన ప్రశ్న ఒకటుంది. నువ్వు ఏం పని చేస్తావు? ఇటలీ వైద్యుడు రామజ్జిని 1700లో వృత్తి జబ్బుల మీద పుస్తకం రాస్తూ, రోగిని అడగాల్సిన పాత ప్రశ్నలకు ఈ ప్రశ్నను కలపమన్నాడు. ఆయనకు ఆ ఆలోచన ఎక్కడొచ్చింది? మోడెనాలో తన ఇంటి మలపు గుంట ఎత్తుతున్న పనివాడు అంత ఆత్రంగా ఎందుకు పని చేస్తున్నాడని అడిగినప్పుడు. ఎక్కువసేపు లోపలుంటే కళ్ళు పోతాయని ఆ పనివాడు చెప్పాడు. ప్రపంచ వైద్యశాస్త్రంలో వృత్తి వైద్యం అనే శాఖ మలమెత్తే మనిషి మాటను నమ్మడంతో మొదలైంది! ఆ పనిని పుట్టుకతో ఒక కులానికి అంటగట్టిన దేశంలో 1993లో ఒకటి, 2013లో ఒకటి చట్టాలొచ్చాయి. కోలార్ బంగారు గనుల పట్టణంలో తెలుగు పాకీ కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ లాంటి వాళ్ళు ఊరూరా తిరిగి ఆ మనుషుల్ని లెక్కపెట్టాల్సి వచ్చింది. కేస్ షీటులో ‘ఆక్యుపేషన్’ గడి మాత్రం మొదట్నుంచీ ఉంది. అందులో ‘కూలీ’ అని పడుతుంది. ఏం కూలీ? రాయి కొట్టే కూలా, పురుగుమందు కొట్టే కూలా, మురుగ్గుంటలో దిగే కూలా?

దీని ఫలితం మాటల్లో ఆగదు. దేశంలో రాతి క్వారీల్లో, క్రషర్ల దగ్గర పనిచేసి ఆయాసంతో వచ్చినవాళ్ళకు క్షయ అని చెప్పి నెలల తరబడి ఆ మందులే మింగించిన సంగతి మధ్యప్రదేశ్, రాజస్థాన్ ఆదివాసీల, దళితుల విషయంలో బాగా బయటపడింది. అది సిలికోసిస్. క్షయకు మందుంది, దానికి లేదు. కానీ దానికి నష్టపరిహారం ఉంది. పని ఏంటని అడిగితే జబ్బుతో పాటు యజమాని కూడా బయటికొస్తాడు. ఆ ప్రశ్న అడగకపోవడం వల్ల లాభం ఎవరికో వేరే చెప్పక్కర్లేదు. నీళ్ళ ప్రశ్న కూడా ఇట్లాంటిదే. మన దేశంలో ఫ్లోరోసిస్ మొదట నమోదైంది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. తర్వాత నల్గొండ దానికి మారుపేరైంది. మెడ తిరగట్లేదు, నడుం వంగట్లేదు అని వచ్చిన మనిషిని “మీది ఏ బావి?” అని అడగాలి. ఒకే ఊళ్ళో ఊరి బావీ వాడ బోరూ వేరైన దేశంలో అది ఒకేసారి వైద్య ప్రశ్న, కుల ప్రశ్న.

ప్రశ్న అడక్కుండా జవాబు సిద్ధంగా ఉండే చోటు ఇంకొకటుంది. “తెల్లబట్టవుతుంది, నడుం నొస్తుంది” అనే రెండు ముక్కలకు గర్భసంచి తీసేద్దాం అనే జవాబు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. మిగతా రాష్ట్రాల్లో కూడా అవసరం లేకుండా పేద, అట్టడుగు స్త్రీలకు చేసిన ఈ ఆపరేషన్ల మీద సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో ఆదేశాలిచ్చింది. నడుం నొప్పికి కారణం వంగి చేసే నాటేమో, కలుపేమో, రక్తం లేకపోవడమేమో, మొగుడు తెచ్చిన ఇన్ఫెక్షనేమో. నాలుగు ప్రశ్నలు అడిగితే తేలేది. నాలుగు ప్రశ్నలకు డబ్బు రాదు, ఆపరేషనుకు వస్తుంది.

ఇక ఎదురు వాదనలు. మొదటిది టైము. సర్కారు దవాఖానలో ఒక్క డాక్టరు పొద్దున్నుంచి వంద మందిని చూస్తే ఏం అడుగుతాడు? న్యాయమైన మాటే. 2017లో అచ్చయిన ఒక అంతర్జాతీయ సమీక్ష ప్రకారం మన దేశంలో ఒక్కో రోగికి దక్కేది రెండు నిమిషాలకు కాస్త అటూఇటూ. కానీ తీరిక ఉన్న దేశం సంగతి చూడండి. 1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు టేపులు పెట్టి చూస్తే, రోగి మాట్లాడటం మొదలెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డం పడ్డాడు. కాబట్టి టైము ఒక్కటే కారణం కాదు. అదీగాక, ‘మీరు’ అనడానికి ‘నువ్వు’ కన్నా ఎక్కువ టైము పట్టదు.

రెండోది, మన ఆర్ఎంపీలు నయం గదా అనేది. ఊళ్ళో ఆర్ఎంపీ “ఏందక్కా, రాత్రి నిద్ర పట్టిందా” అని వాడ భాషలో అడుగుతాడు, మంచం మీద కూర్చుంటాడు, చెయ్యి పట్టుకుంటాడు. జనం అతని దగ్గరికి పోవడానికి చవక ఒక్కటే కారణం కాదు. కానీ చక్కగా అడిగి తర్వాత ఇచ్చేది నొప్పి సూదీ, స్టెరాయిడూ, సెలైనూ అయితే ఆ తియ్యటి ప్రశ్న కూడా వలే. అడగడం తెలిసినవాడికి వైద్యం రాకుండా, వైద్యం వచ్చినవాడికి అడగడం రాకుండా ఈ రెండింటినీ ఎవరు విడదీశారనేది మనం అడగాల్సిన ప్రశ్న.

మూడోది మన ఇంటి మాట. రిజర్వేషన్ల వల్ల మన పిల్లలు డాక్టర్లయ్యారు. వాళ్ళన్నా వేరేగా అడుగుతున్నారా? కొందరు అడుగుతున్నారు, వాళ్ళ ఓపీ ముందు బారు చూస్తే తెలుస్తుంది. కొందరు మాత్రం వాడ యాస నోట్లో రాకుండా జాగ్రత్తపడతారు. ఎందుకో అర్థం చేసుకోవాలి. ఢిల్లీ ఎయిమ్స్ లాంటి చోట దళిత, ఆదివాసీ విద్యార్థులు ఎట్లాంటి వివక్ష ఎదుర్కొన్నారో సుఖదేవ్ థోరట్ కమిటీ 2007లోనే రాసింది. రోగి భాష మాట్లాడితే తన కులం తెలిసిపోతుందనే భయం ఉన్న డాక్టరు రోగిని ఏ భాషలో అడుగుతాడు? అతన్ని తిట్టే ముందు ఆ భయాన్ని పెంచిన కాలేజీని తిట్టాలి.

అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో తన నిర్వచనాన్ని సవరించుకుంటూ, మనిషి తనకు నొప్పి ఉందంటే ఆ మాటను గౌరవించాలని, నోటితో చెప్పలేకపోయినంత మాత్రాన నొప్పి లేనట్టు కాదని రాసుకుంది. 2019 నుంచి మన ఎంబీబీఎస్ పాఠాల్లో కూడా రోగితో మాట్లాడే పద్ధతి, నైతికత అనే భాగం చేరింది. కాగితం మీద బాగానే ఉంది. కానీ రోగిని తుంచకుండా వినాలి అని నేర్పుతూ, ఎవర్ని ఎక్కువ తుంచుతున్నారో చెప్పకపోతే ఆ పాఠం మర్యాద పాఠంగానే మిగులుతుంది.

వాడల్లో ఆరోగ్య శిబిరాలు పెట్టే సంఘాలకు, మెడికల్ కాలేజీల్లో ఉన్న మన విద్యార్థులకు ఒక పని చెప్పదలిచాను. కేస్ షీటును నిలువునా రెండుగా మడవండి. కుడి పక్క మీ ఇంగ్లీషు రాసుకోండి. ఎడమ పక్క ఆ మనిషి చెప్పింది చెప్పినట్టు, ఆ యాసలోనే, తెలుగులో రాయండి: ఏ పని చేస్తే వస్తుంది, ఏ నీళ్ళు తాగుతారు, ఎన్ని కూళ్ళు పోయినయ్. జిల్లా జిల్లాకూ మాలపల్లెకూ మాదిగవాడకూ రెల్లి వీధికీ తండాకూ ఈ మాటలు ఎట్లా మారుతున్నాయో పోగేసుకోండి. రాసిన తర్వాత దాన్ని ఆ మనిషికి చదివి వినిపించండి. “కాదు బిడ్డా, నేజెప్పింది గట్ల గాదు” అంటే, అదీ రాయండి.